పాత సైనిక తుపాకుల గుర్తింపు, కాలనిర్ణయం: హైదరాబాదు తూర్పు దారి ఆధారంగా

సైన్యమో పోలీసు దళమో ఒకప్పుడు వాడి పక్కన పెట్టేసిన తుపాకీ ఏ రకానిది, ఎక్కడ తయారైంది, ఏ కాలానిది, ఎవరెవరి చేతులు మారింది అని తేల్చే పనికి గుర్తింపు, కాలనిర్ణయం అని పేరు. సేకరణలోకి కొత్తగా దిగినవారు సాధారణంగా ముందు తుపాకీ మీద సంవత్సరం కోసం వెతుకుతారు. అది కనిపించగానే పని అయిపోయిందనుకుంటారు. తెలుగు నేల మీద తిరిగిన తుపాకుల విషయంలో ఆ తొందర పనికిరాదు. ఒకే తుపాకీ మీద మూడు నాలుగు సంవత్సరాలు, ఇద్దరు ముగ్గురు యజమానుల ముద్రలు, కొట్టేసి మళ్లీ వేసిన నంబర్లు ఉండడం ఇక్కడ మామూలు. కాబట్టి ఏ ఒక్క సంవత్సరాన్నీ ఒంటరిగా నమ్మకూడదు. ఆకారం, ముద్ర, నంబరు, మరమ్మతు గుర్తు ఒకదాన్నొకటి బలపరచాలి. ఎక్కడ పొసగలేదో అక్కడే ఆ తుపాకీ అసలు కథ ఉంటుంది.

ఈ దారిన వచ్చిన తుపాకులు

దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్, హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట్ మీదుగా సాగే విజయవాడ రహదారి ఇప్పుడు కాలనీలకు, వెంచర్లకు పేరుపడింది. ఆయుధ చరిత్రకు కూడా ఇది మంచి పాఠ్యపుస్తకమే. దిల్‌సుఖ్‌నగర్‌కు దగ్గరలో అస్మాన్‌గఢ్ గుట్ట మీద మిషెల్ రేమండ్ సమాధి ఉంది. నిజాం కొలువులో ఫ్రెంచి పద్ధతిలో పటాలాలను తీర్చిదిద్దిన సేనాని ఆయన. 1798 మార్చి 25న చనిపోయాడు. నగరంలో గన్‌ఫౌండ్రీ అని పిలిచే చోట ఉన్న తోప్ కా సాంచా ఆయన హయాంలోని ఫిరంగుల కార్ఖానా. ఆయన పోయిన ఏడాదే, అక్టోబరులో, ఆ ఫ్రెంచి పటాలాల చేత ఈస్టిండియా కంపెనీ ఆయుధాలు కింద పెట్టించింది. అప్పటి నుంచి హైదరాబాదు సైనిక ఆయుధం అంటే ప్రధానంగా ఇంగ్లీషు తుపాకీయే. దానికి పక్కన అరబ్బులు, రోహిల్లాలు, దేశ్‌ముఖుల మనుషుల చేతుల్లో వత్తి తుపాకులు, గుండూ మందూ కూరే తుపాకులు చాలాకాలం నడిచాయి. 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వంలో కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి జరిగిన నాటికి రెండు రకాలూ నగరంలో ఉన్నాయి.

నిజాం ఖర్చుతో, బ్రిటిష్ అధికారుల కింద నడిచిన హైదరాబాద్ కంటింజెంట్ సేన 1903లో బ్రిటిష్ ఇండియా సైన్యంలో కలిసిపోయింది. నిజాం సొంత బలగాలు మాత్రం 1948 దాకా కొనసాగాయి. ఆ చివరి సంవత్సరాల్లో ఆయుధాల కలగాపులగం ఎంతటిదంటే, సేకర్తకు తలనొప్పి అంతా అక్కడే మొదలవుతుంది. నిజాం పక్షాన నిలిచిన రజాకార్లలో నాలుగో వంతు మందికే ఆధునిక తుపాకులుండేవని, మిగతావారి దగ్గర కూరుడు తుపాకులు, కత్తులే ఉండేవని అంచనా. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు 1948లో కరాచీ నుంచి విమానాల్లో ఆయుధాలు తెచ్చి సంస్థానంలో దించాడు. మరోవైపు 1946 నుంచి 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధ పోరాటం వడిసెలలతో, గుత్పలతో మొదలై భర్మార్లనే కూరుడు తుపాకులకు, ఆపైన రైఫిళ్లకు వచ్చింది. 1948 సెప్టెంబరు 13న సంస్థానం మీద భారత యూనియన్ మొదలుపెట్టిన పోలీసు చర్యలో ప్రధాన దళం షోలాపూర్ వైపు నుంచి వస్తే, మేజర్ జనరల్ రుద్ర దళం బెజవాడ నుంచి ఈ తూర్పు దారినే నమ్ముకుని బయల్దేరింది. వాళ్ల చేతిలోనూ, ఎదుట నిజాం సైనికుల చేతిలోనూ ఉన్న ప్రధాన రైఫిల్ ఒక్కటే: .303 లీ ఎన్‌ఫీల్డ్. అందుకే ఈ ప్రాంతంలో "ఇది నిజాం తుపాకీ", "ఇది యూనియన్ సైన్యం తుపాకీ" అని ఆకారం చూసి చెప్పేయడం కుదరదు.

చేతిలోకి తీసుకోకముందు

విదేశాల్లో రాసిన సేకర్తల పుస్తకాలు చదివి మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు చట్టాన్ని చివరి అధ్యాయంగా అనుకోవడం. ఇక్కడ అదే మొదటి అధ్యాయం. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ దగ్గర ఉండడమే నేరం. పాతదనో, పనిచేయదనో, తాతగారిదనో చెబితే సరిపోదు. పైగా .303, 7.62 బోరు రైఫిళ్లు, .410 మస్కెట్లు ఆ చట్టం కింద చేసిన నియమాల్లోని మొదటి తరగతి ప్రకారం నిషిద్ధ బోరులోకి వస్తాయి. సైన్యం, పోలీసులు వాడే తూటాలు వాటిలో పడతాయన్నదే కారణం. మామూలు పౌరుడికి వీటి లైసెన్సు దాదాపు దొరకదు. నిషిద్ధ ఆయుధాన్ని లైసెన్సు లేకుండా ఉంచుకుంటే 2019 సవరణ తర్వాత కనిష్ఠ శిక్ష 7 ఏళ్లు. అదే సవరణ ఒక్కొక్కరి దగ్గర ఉండదగిన తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించింది. వారసత్వంగా వచ్చినవాటికీ ఆ హద్దే.

చట్టంలోని 45వ సెక్షన్ ఒక వెసులుబాటు ఇస్తుంది. వాడుక పోయిన నమూనాది గానీ, పురావస్తు విలువ గలది గానీ, చెడిపోయినది గానీ అయి, మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకీగా పనికిరాని ఆయుధానికి ఆ చట్టం వర్తించదు. ఇందులో కీలకం చివరి మాట. గోడకు వేలాడుతున్న 1917 నాటి .303కు బోల్ట్ లేకపోయినా, ఇంకో బోల్ట్ తెచ్చి పెడితే పేలుతుందంటే అది ఈ వెసులుబాటులోకి రాదు. పనికొస్తుందో రాదో సేకర్త తానే తేల్చుకోకూడదు. పాత ఇల్లు కూల్చేటప్పుడు అటక మీద తుపాకీ దొరికితే పోలీస్ స్టేషన్‌కు గానీ లైసెన్సున్న ఆయుధ వ్యాపారికి గానీ అప్పగించి రసీదు తీసుకోవడం, ఆపైన కమిషనరేట్‌లో దరఖాస్తు పెట్టుకోవడం సరైన దారి. అప్పగించడానికి 21వ సెక్షన్ దారి చూపుతుంది.

మరో హెచ్చరిక. కూరుడు తుపాకుల్లో దశాబ్దాల కిందట కూరిన మందు, గుండు అలాగే ఉండిపోవడం అరుదేమీ కాదు. పాత తుపాకిమందు తేమ తగలకపోతే ఎన్నేళ్లయినా చచ్చిపోదు. బ్యారెల్ లోపలికి సన్నని చెక్క కడ్డీ దించి, ఎంత లోతు పోయిందో బయట అదే పొడవుకు పెట్టి చూస్తే లోపల ఏమైనా అడ్డం ఉందో తెలిసిపోతుంది. ఉందని తెలిస్తే ఇంకేమీ చేయకుండా తుపాకులు విప్పి సరిచేసే ఆర్మరర్‌ను పిలవాలి. సుత్తిని లేపి చూడడం, ట్రిగ్గర్ నొక్కి చూడడం, ఫొటో కోసం భుజానికెత్తడం అన్నీ ఆ తర్వాతే.

ఆకారం చెప్పే కాలం

ముద్రలు చదవకముందు తుపాకీని నింపే పద్ధతి చూడాలి. శతాబ్దం ఏదో అక్కడే తేలుతుంది. వత్తి పట్టుకునే వంకర కొక్కెం ఉంటే వత్తి తుపాకీ. దక్కనులో 19వ శతాబ్దంలోనూ ఇవి తయారయ్యాయి కాబట్టి ఆకారం చూసి గోల్కొండ కాలానికి తోసేయకూడదు. చెకుముకి రాయి పట్టే దవడ ఉంటే చెకుముకి తుపాకీ. కంపెనీ సిపాయిల చేతిలో ఎక్కువగా ఉన్న ఇండియా ప్యాటర్న్ మస్కెట్ ఇదే. దాని బ్యారెల్ 39 అంగుళాలు, బోరు ముప్పావు అంగుళం. దాని తాళంపలక, అంటే పేల్చే యంత్రాంగాన్ని బిగించిన పక్క పలక, మీద నాలుగు భాగాలుగా చీల్చిన గుండె ఆకారం, అందులో కంపెనీ పొడి అక్షరాలు ఉంటే 1808కి ముందుది. కిరీటం పట్టుకుని వెనక్కాళ్ల మీద నిలబడ్డ సింహం ఉంటే ఆ తర్వాతది. రాయి పట్టే దవడ మెడ హంస మెడలా సన్నగా వంగి ఉంటే పాత నమూనా. మధ్యలో కన్నం ఉన్న గట్టి మెడ 1809 తర్వాతి మార్పు.

చిన్న రాగి టోపీ పెట్టి సుత్తితో కొట్టేవి టోపీ తుపాకులు. కంపెనీ సైన్యంలోకి 1840ల నుంచి వచ్చాయి. ఈ వరసలో పేరుమోసింది 1853 నమూనా ఎన్‌ఫీల్డ్: .577 బోరు, లోపల మూడు గాడులు, బ్యారెల్‌ను చెక్కకు పట్టివుంచే మూడు పట్టీలు. 1857 తిరుగుబాటు చూశాక సిపాయిలకు గాడులు లేని నున్నటి బ్యారెల్ తుపాకులే ఇచ్చారు. చూడ్డానికి అచ్చం ఎన్‌ఫీల్డ్‌లా ఉండి లోపల గాడులు లేకపోతే అరిగిపోయాయనుకునే ముందు ఈ సంగతి గుర్తుచేసుకోవాలి. భయం తుపాకీ నిర్మాణాన్ని మార్చిన సందర్భం చరిత్రలో ఇంత స్పష్టంగా చేతికి తగిలేది అరుదు.

వెనక నుంచి తూటా పెట్టే కాలం 1866లో స్నైడర్‌తో మొదలైంది. పాత ఎన్‌ఫీల్డ్ బ్యారెల్ వెనక భాగం కోసి, కుడివైపుకు తెరుచుకునే దిమ్మ అమర్చారు. దాని మీద తాళంపలక సంవత్సరం స్నైడర్‌గా మార్చకముందుది కావచ్చు. 1871 నాటి మార్టినీ హెన్రీకి బయట సుత్తి ఉండదు, కింద మీట ఉంటుంది. కుడివైపు పలక మీద కిరీటం, రాణి పొడి అక్షరాలు, తయారీ చోటు, సంవత్సరం, నమూనా అంకె వరసగా చెక్కి ఉంటాయి. 1888లో లీ మెట్‌ఫర్డ్, 1895లో లీ ఎన్‌ఫీల్డ్ వచ్చి బోల్ట్, మేగజైన్ యుగాన్ని తెరిచాయి.

త్రీ నాట్ త్రీ

తెలుగువాళ్లకు పాత సైనిక రైఫిల్ అంటే త్రీ నాట్ త్రీయే. ఎన్‌సీసీలో కవాతు చేసినవారి భుజం, పోలీసు శిక్షణ పొందినవారి అరచేయి దాన్ని మరిచిపోవు. ప్రపంచంలో ఈ లీ ఎన్‌ఫీల్డ్ కుటుంబానికి చెందిన రైఫిళ్లు సుమారు 1.7 కోట్లు తయారయ్యాయని అంచనా. కాబట్టి అరుదు అనే మాట దీనికి అంత తేలిగ్గా వాడకూడదు.

మొదట ముక్కు చూడాలి. బ్యారెల్ మూతి దాకా చెక్క, దాని కొసన మొద్దు ముక్కులాంటి ఇనుప టోపీ ఉండి, బ్యారెల్ బయటికి పొడుచుకు రాకపోతే అది పొట్టి లీ ఎన్‌ఫీల్డ్. 1926లో పేర్ల పద్ధతి మార్చాక దీన్నే నంబర్ 1 అన్నారు. గురిచూసే వెనక పలక బ్యారెల్ మధ్యలో ఉంటుంది. మొత్తం పొడవు 44.5 అంగుళాలు, బ్యారెల్ 25.2 అంగుళాలు. బ్యారెల్ కొస బయటికి కనబడుతూ, వెనక గురి కంటికి దగ్గరగా బోల్ట్ పైన కన్నం రూపంలో ఉంటే అది నంబర్ 4, రెండో ప్రపంచ యుద్ధం నాటిది. పొట్టిగా, మూతికి గరాటు లాంటి మంటకవచం, భుజానికి ఆనే మడమకు రబ్బరు మెత్త ఉంటే నంబర్ 5. 1944 నుంచి 1947 వరకే తయారైన దీన్ని జంగిల్ కార్బైన్ అంటారు. బ్యారెల్ 30 అంగుళాలుండి, చెక్క మూతికి చాలా ముందే ఆగిపోతే అది పొడవు లీ ఎన్‌ఫీల్డ్ లేదా మెట్‌ఫర్డ్, అంటే 1902కి ముందటి నమూనా.

నంబర్ 1లో ఎక్కువగా దొరికేది 1907లో ఆమోదించిన మూడో నమూనా. దాని కుడివైపు మేగజైన్ పైన లోపలికీ బయటికీ జరిగే పలచటి పలక ఉంటుంది. తూటాలు మేగజైన్ నుంచి పైకి రాకుండా ఆపి, సిపాయి ఒక్కో తూటా చేత్తో పెట్టి కాల్చేలా చేయడానికి పెట్టిన అడ్డుపలక అది. ఎడమవైపు చెక్కకు దూరపు గురికి వాడే చిన్న డయల్ ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో తయారీ వేగం పెంచాలని 1916లో ఈ రెండూ తీసేశారు. ఆ రకానికి మూడు పక్కన నక్షత్రం గుర్తు వేశారు. మామూలు మూడో నమూనాకు కూడా తర్వాతి మరమ్మతుల్లో అడ్డుపలక పీకేసి ఉండవచ్చు. అందుకే పలక లేకపోవడం కన్నా, దాని కోసం కోసిన చీలిక ఉందా లేదా అన్నది మంచి సాక్ష్యం.

ఇక ముద్రలు. బోల్ట్ పిడి దగ్గర, మడమ చెక్క దూరే ఇనుప గూడుకు కుడివైపున కిరీటం, దాని కింద రాజు పొడి అక్షరాలు, తయారీ చోటు, సంవత్సరం, నమూనా ఉంటాయి. విక్టోరియా రాణికి వి.ఆర్. ఆమె 1901 జనవరి 22న చనిపోయింది. ఎడ్వర్డ్‌కు ఇ.ఆర్., 1910 వరకు. ఆ తర్వాత జార్జికి జి.ఆర్. భారతదేశంలో తయారైనవాటికి జి.ఆర్.ఐ. అని ఉంటుంది. చక్రవర్తి అన్న మాటకు ఆ చివరి అక్షరం. తయారీ చోటు ఎన్‌ఫీల్డ్ కావచ్చు, బర్మింగ్‌హామ్‌లోని బి.ఎస్.ఎ. కంపెనీ కావచ్చు, లండన్ ఎల్.ఎస్.ఎ. కంపెనీ కావచ్చు, ఆస్ట్రేలియాలోని లిత్‌గో కావచ్చు. మన దగ్గర ఎక్కువగా బెంగాల్‌లోని ఇషాపూర్ పేరు కనిపిస్తుంది.

ఈ గూడు మీది సంవత్సరం రిసీవర్, అంటే బోల్ట్ జరిగే ఇనుప చట్రం, పుట్టిన ఏడాది. బ్యారెల్‌కు వేరే తేదీ ఉంటుంది. బ్యారెల్ వెనక కొసన లావుపాటి భాగానికి ఎడమవైపు రెండంకెల్లో, 18 అంటే 1918 అని. రెండూ కలిస్తే సంతోషమే. కలవకపోతే బ్యారెల్ మార్చారని అర్థం, మోసమని కాదు. సైన్యం పరికరాన్ని పనిచేయించడానికి చూస్తుంది, సేకర్త సంతోషానికి కాదు. ఇంకా పూర్తి స్థాయి ఫ్యాక్టరీ మరమ్మతు జరిగితే ఆ ఆంగ్ల పొడి అక్షరాలు ఎఫ్.టి.ఆర్., పక్కన ఏడాది ఉంటాయి. కాబట్టి 1917 రిసీవర్, 1942 బ్యారెల్, 1950 మరమ్మతు ముద్ర ఉన్న రైఫిల్‌ను ఏ ఏడాదిది అని అడిగితే మూడు సమాధానాలూ చెప్పాలి. ఒక సేకరణ పట్టికలో ఒకే గడి ఉంటే ఆ గడిని మూడు చేసుకోవడం మేలు.

నంబర్ల సంగతి మరీ ముఖ్యం. రిసీవర్ మీద, బ్యారెల్ మీద, బోల్ట్ పిడి వెనక, ముక్కు టోపీ మీద, గురిపలక అడుగున, కింది చెక్క కొసన ఒకే నంబరు ఉండాలి. వీటిలో బోల్ట్ నంబరు కలవడం ప్రధానం. బోల్ట్‌ను ఆ రిసీవర్‌కు తగ్గట్టు సరిచూసి అమర్చుతారు కాబట్టి మరో రైఫిల్ బోల్ట్ పెడితే తూటా గది మూత సరిగా పడక ప్రమాదం. ఇషాపూర్‌లో మరమ్మతైన వాటికి పాత నంబరు మీద గీత కొట్టి కొత్తది వేయడం తరచు చూస్తాం. ఆ గీతను చూసి దొంగ సొత్తు అని భయపడనక్కర్లేదు. గీత కింద అంకెలు కూడా రాసిపెట్టుకోవాలి.

బాణం గుర్తు ప్రభుత్వ ఆస్తికి చిహ్నం. దాని కింద ఐ అక్షరం ఉంటే భారత ప్రభుత్వపుది. రెండు బాణాలు ఎదురెదురుగా మొనలు తాకించుకుని ఉంటే సర్వీసు నుంచి అమ్మేశారని. మడమ చెక్కలో గుండ్రటి ఇత్తడి బిళ్ల ఉంటే దాని మీద పటాలం గుర్తు, ఆయుధం వరస సంఖ్య ఉండొచ్చు. సైన్యంలో ఇష్టం వచ్చినట్లు పేరు చెక్కుకోనిచ్చేవారు కాదు కాబట్టి చెక్క మీద కత్తితో గీసిన పేర్లు సాధారణంగా సర్వీసు దాటాక వచ్చినవే. డి.పి. అని పెద్ద అక్షరాలుంటే కవాతుకు తప్ప కాల్చడానికి పనికిరాదని అర్థం. ఎన్‌సీసీ రైఫిళ్లలో చాలా వాటి మీద అది ఉండేది. మూతి దగ్గర చెక్కకు గట్టిగా చుట్టిన తీగ ఉంటే మూతికి గిన్నె తగిలించి గ్రెనేడ్లు విసరడానికి వాడారని అర్థం. సేకర్తలు దాన్ని పగిలిన చెక్కకు వేసిన కట్టుగా పొరబడతారు.

నంబర్ 4కు ముద్రలు వేరు. సంవత్సరం, కర్మాగారం సంకేతం మడమ గూడు ఎడమవైపు ఉంటాయి. యుద్ధకాలంలో శత్రు విమానాలకు తయారీ చోటు తెలియకుండా అక్షరం, అంకెల సంకేతాలు వాడారు. ఎం47సి అంటే బి.ఎస్.ఎ.వారి షర్లీ కర్మాగారం. యు.ఎస్. ప్రాపర్టీ అని ఉంటే అమెరికాలో శావేజ్ కంపెనీ తయారుచేసింది, లాంగ్ బ్రాంచ్ అంటే కెనడాది. అమెరికా ఆస్తి ముద్ర ఉన్న రైఫిల్ బర్మా యుద్ధరంగం మీదుగా మన పోలీసు ఆయుధాగారానికి చేరడం వింత అనిపించవచ్చు. ఆనాటి సరఫరా లెక్కల్లో అది మామూలే.

బాయ్‌నెట్ తేదీని రైఫిల్‌కు అంటగట్టకూడదు. 1907 నమూనా బాయ్‌నెట్ మీద నెల, ఏడాది విడిగా ఉంటాయి. దాని 17 అంగుళాల కత్తిని భారతదేశంలో రెండో యుద్ధకాలంలో పొట్టి చేశారు. జత అమ్మేవాడు జతగా పుట్టాయని చెబితే చిరునవ్వుతో వినాలి.

ఇషాపూర్, పోలీసు మస్కెట్లు, 7.62

ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ 1904లో, అంతకుముందు తుపాకిమందు తయారైన ప్రాంగణంలో మొదలైంది. రిపబ్లిక్ వచ్చాక కిరీటం స్థానంలో అశోక స్తంభం సింహాలు, పక్కన ఆర్.ఎఫ్.ఐ. అక్షరాలు వచ్చాయి. మేగజైన్‌కు ముందు చెక్కలో అడ్డంగా దూర్చి బిగించిన స్క్రూ కనిపిస్తే, అది ఇక్కడ మరమ్మతు పొందిన రైఫిల్‌కు బలమైన ఆనవాలు. చెక్క పగలకుండా వేసింది అది. ప్రపంచమంతటా సేకర్తలు దాన్ని ఇషాపూర్ స్క్రూ అనే పిలుస్తారు.

పోలీసులకూ జైలు వార్డర్లకూ చాలా కాలం ఇచ్చింది .410 మస్కెట్. పాత .303 బ్యారెల్‌ను లోపల నున్నగా తొలిచి, మేగజైన్ చోట చెక్క దిమ్మ పెట్టి, ఒక్కో తూటా చేత్తో పెట్టి కాల్చేలా చేశారు. బయట చూస్తే .303యే. లోపల గాడులు ఉండవు. 1857 తర్వాత గాడులు తీసేసిన తుపాకుల సంగతి పైన చెప్పుకున్నాం. పాలకులు తమ సొంత పోలీసు మీద కూడా కొంత అనుమానం ఉంచుకునే పద్ధతి ఇక్కడా పోలేదనిపిస్తుంది.

చైనాతో 1962 యుద్ధం తర్వాత 7.62 తూటా కోసం అదే పాత ఆకారంతో 2ఎ, ఆపైన 2ఎ1 రైఫిళ్లు ఇషాపూర్‌లో తయారయ్యాయి. వీటిని .303 అనుకుని పొరబడతారు. మేగజైన్ దీర్ఘచతురస్రంగా, కోణాలు తేలి, 12 తూటాలు పట్టేలా ఉంటుంది. .303 మేగజైన్ అంచు ఒరగగా ఉండి పది తూటాలే పడతాయి. 2ఎలో గురిపలక 2000 దాకా ఉంటే, 2ఎ1లో 800 దగ్గర ఆగుతుంది. యుద్ధానికి అక్కరలేని దూరాన్ని అన్నేళ్లు మోసి చివరికి వదిలేశారు.

పాత ఇళ్లలో లైసెన్సుతో కనిపించే .315 వేటరైఫిల్‌ను కూడా ఇక్కడే చెప్పాలి. సైనిక బోరు పౌరులకు ఇవ్వకూడదన్న బ్రిటిష్ కాలపు నియమం వల్ల, లీ ఎన్‌ఫీల్డ్ యంత్రాంగానికే ఆస్ట్రియా మాన్‌లిఖర్ 8 మిల్లీమీటర్ల తూటా పట్టే బ్యారెల్ పెట్టి చేసిన రైఫిల్ అది. బోల్ట్ తిప్పిన చప్పుడు త్రీ నాట్ త్రీదే. దాన్ని సైనిక రైఫిల్‌గా అమ్మజూపేవారిని, కొనజూపేవారిని దూరం పెట్టడం మంచిది.

ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 జనవరి 26 పరేడ్‌తో .303కు వీడ్కోలు పలికారు. అంటే 1907లో ఆమోదం పొందిన ఆకారం ఒక శతాబ్దానికి మించి ఉద్యోగం చేసింది. కాలనిర్ణయంలో "వాడిన కాలం" అనే గడి ఎందుకు ఉండాలో దీంతోనే తేలుతుంది.

ఉర్దూ అంకెలు, రెండు పంచాంగాలు

హైదరాబాదు తుపాకుల మీద, ముఖ్యంగా దేశీ మరమ్మతు జరిగినవాటి మీద, ఉర్దూ అంకెల్లో నాలుగంకెల సంఖ్య కనిపిస్తే అది ఇంగ్లీషు ఏడాది కాకపోవచ్చు. సంస్థానంలో హిజ్రీ, ఫస్లీ రెండూ నడిచేవి. దక్కను ఫస్లీకి 590 కలిపితే ఇంగ్లీషు ఏడాదికి దగ్గరగా వస్తుంది: 1357 ఫస్లీ అంటే 1947–48. హిజ్రీ చాంద్రమానం కాబట్టి ఏడాదికి సుమారు 11 రోజులు తగ్గుతుంది. ఆ సంఖ్యను 0.97తో గుణించి 622 కలిపితే చాలు. మీర్ ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కిన 1329 హిజ్రీ ఇలా 1911 అవుతుంది. అదే 1329 ఫస్లీ అయితే 1919–20. రెండు పంచాంగాలకూ మధ్య ఇక్కడ తేడా ఎనిమిదేళ్లు. ఏ పంచాంగమో చెప్పే అక్షరం లేకపోతే ఆకారాన్ని సాక్షిగా పిలవాలి. అది కూడా తేల్చకపోతే రెండు తేదీలూ రాసి వదిలేయాలి.

నకిలీలు, ఇంటి కథలు

పాకిస్తాన్ వాయవ్య సరిహద్దు ప్రాంతంలోని దర్రా ఆదమ్ ఖేల్ దుకాణాల్లో చేత్తో చేసిన నకళ్లు ప్రసిద్ధం. అక్షరాలు తలకిందులుగా, ఆంగ్లంలో ఎన్ అక్షరం ఎదురు తిరిగి, తయారీ చోటు స్పెల్లింగు తప్పుగా ఉంటాయి. వి.ఆర్. కిరీటం కింద 1912 అని ఉంటే రాణి చనిపోయి పదకొండేళ్లయిందని గుర్తుంటే చాలు. పొట్టి లీ ఎన్‌ఫీల్డ్‌కు 1902 డిసెంబరులో ఆమోదం వచ్చింది కాబట్టి దాని మీద వి.ఆర్. ఉంటే అనుమానించాలి. ఆకారం ఒక కాలం, ముద్ర ఒక కాలం చెబితే ఆకారానికే ఓటు వేయాలి. ముద్రను సుత్తితో ఎవరైనా వేయగలరు.

అంతకన్నా సున్నితమైనవి కుటుంబ కథలు. మన్యంలో 1922 ఆగస్టు 22 నుంచి 24 వరకు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద అల్లూరి సీతారామరాజు దళం వరసగా దాడిచేసి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు పట్టుకుపోయింది. సంఖ్య అంత చిన్నది. అయినా "ఇది రాజుగారి దళం తుపాకీ" అనే కథలు దానికి మించి పెరిగే అవకాశం ఉంది. తెలంగాణలో దొర గడీ నుంచి దళం తెచ్చిన తుపాకీ అనే కథలకూ అంతే. కథ చెప్పిన పెద్దమనిషి మాటను కొట్టిపారేయకుండా రాసి ఉంచాలి, చెప్పినవారి బంధుత్వంతో, తేదీతో. తర్వాత తుపాకీ మీది ముద్రతో పోల్చాలి. 1924 మే 7న రాజు మరణించాడు. తుపాకీ మీద 1931 ఉంటే కథ ఎంత గొప్పదైనా వేరే తుపాకీది. పాత లైసెన్సు పుస్తకం, డిపాజిట్ రసీదు, ఎస్‌బీఎంఎల్, డీబీబీఎల్ అని పొడి అక్షరాల్లో రకం రాసిన పంచనామా దొరికితే వంద కథల పెట్టు.

చూడడం, శుభ్రం చేయడం, దాటించడం

కొత్త సేకర్త కొనకముందు చూడాలి. సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గది, పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ ప్రదర్శన దక్కను ఆయుధాలతో కన్నును సాధన చేయించడానికి మంచి చోట్లు. అక్కడ ముద్రలు చదవడం కష్టం, గాజు అడ్డం. తుపాకుల నిష్పత్తులు, పట్టీల దూరం, తాళంపలక వంపు మాత్రం బాగా పట్టుబడతాయి.

మసకబారిన ముద్ర కోసం గరుకు కాగితం పెట్టి రుద్దడం అన్నిటికన్నా చెడ్డ పని. ముద్రలో ఉన్నది కూడా పోతుంది. పక్క నుంచి తక్కువ ఎత్తులో వెలుతురు వేసి ఫొటో తీస్తే నీడల్లో అక్షరాలు లేస్తాయి. తెల్ల సుద్ద మెత్తగా రాసి తుడిచినా సాయం చేస్తుంది. ఇనుముకు తేలిక నూనె, చెక్కకు అవిసె నూనె చాలు. కొత్తగా మెరిపించిన ఇత్తడి, వార్నిష్ పూసిన మడమ కొనేవాడిని ఆకట్టుకుంటాయి, తెలిసినవాడిని దూరం చేస్తాయి.

అమెరికాలో స్థిరపడిన తెలుగువారిలో కొందరికి ఇషాపూర్ రైఫిళ్లతోనే మొదటి పరిచయం అక్కడ కలుగుతుంది. భారత సైన్యం వదిలేసిన 2ఎ1లు ఆ దేశపు మార్కెట్‌లోకి పెద్ద సంఖ్యలో వెళ్లాయి. అక్కడి సమాఖ్య చట్టం ప్రకారం 1898 లేదా అంతకుముందు తయారైనది పురాతన తుపాకీ. 50 ఏళ్లు దాటినవి సేకర్తల ప్రత్యేక లైసెన్సు కిందికి వస్తాయి. అందువల్ల అక్కడ రిసీవర్ తేదీకి చట్టపరమైన బరువు ఉంది. 1897 రిసీవర్‌కు తర్వాతి బ్యారెల్ పెట్టినా లెక్కకు వచ్చేది రిసీవరే. హెచ్-1బి వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారికి మాత్రం, వేట లైసెన్సు లాంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప, తుపాకీ దగ్గర ఉంచుకోవడమే నిషిద్ధం.

ఇక్కడి ఇంట్లోని తాతగారి తుపాకీని అక్కడికి తీసుకెళ్లాలనుకునేవారికి ఇంకో చట్టం అడ్డుపడుతుంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు నిండిన చారిత్రక వస్తువు పురావస్తువు. దాన్ని దేశం దాటించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి, అది అనుమతించిన సంస్థకు మాత్రమే ఉంది. ఒక రైఫిల్ రిసీవర్ మీద 1917 అని ఉంటే ఆ నాలుగంకెలే ఆయుధాల చట్టంతో పాటు ఈ చట్టాన్నీ దాని మీదికి తెస్తాయి. కాలనిర్ణయం తప్పుగా రాసిచ్చిన కాగితం పట్టుకుని విమానాశ్రయానికి వెళ్లినవాడు కస్టమ్స్ అధికారికి రెండుసార్లు సమాధానం చెప్పుకోవలసి వస్తుంది.